మోత లేని మిషన్‌తోనే ఎక్కువ పైలంగా ఉండాలె

తమ్మీ, నువ్వు అడిగింది చూసిన. నర్సంపేట దగ్గర మీ చెల్క ఒడ్డు మీద ఆరు నల్లతుమ్మలు ఉన్నయి, ఒక్కోటి అడుగు మందం. ఇంటి వెనుక ఎండుతున్న వేప ఒకటి రేకుల మీదికి వంగి ఉంది, దాని కొమ్మల పక్క నుంచే కరెంటు తీగ పోతది. రెండు 18 వోల్టుల బ్యాటరీలు ఎక్కే 14 అంగుళాల గొలుసు రంపం, అదే చెట్లు కోసే మిషన్, కొన్నవు. పెట్రోల్ మిషన్ లెక్క కాదు, దీన్ని పిల్లలు కూడా పట్టుకోవచ్చని అమ్మినాయన చెప్పిండట. కూలికి పిలువకుండ నేనే కోసుకోవచ్చా అన్నా, అని అడిగినవు.

తుమ్మలు కోసుకోవచ్చు. కానీ రేపే కాదు, ముందు నేల మీద పడి ఉన్న కట్టె మీద చెయ్యి తిరగాలె. వేప జోలికి మాత్రం పోకు, ఎందుకో కింద రాసిన. పిల్లలు కూడా పట్టుకోవచ్చు అన్న మాట ఉందే, దాన్ని మనసులో నుంచి తీసేయి. నేను ఇంత పొడుగు రాయడానికి కారణం ఆ ఒక్క మాటే.

ఇరవై రెండేండ్ల నుంచి చెట్లు కోస్తున్న. మొదట్ల మా నాయినతోని రెండు పిడుల రంపం గుంజిన, తర్వాత పదిహేనేండ్లు పెట్రోల్ మిషన్, ఐదేండ్ల నుంచి చిన్న పనికంత బ్యాటరీదే. పెట్రోల్ మిషన్‌కు తాడు గుంజాలె, పొగ వస్తది, మోతకు పక్క చెల్కల వాళ్లకు కూడా తెలుస్తది. ఆ మోత చెవుల ఉన్నంత సేపు మనిషి సోయిల ఉంటడు. బ్యాటరీ మిషన్ అట్ల కాదు. అది మూగగ పడి ఉంటది, నిద్రపోయినట్టు. కానీ బ్యాటరీ లోపల ఉన్నదంటే అది ఎప్పుడూ తయారే. తాళం బటన్ నొక్కి ట్రిగ్గర్ మీద వేలు పడితే సెకను కూడా పట్టదు, గొలుసు పూర్తి వేగం అందుకుంటది. మంచి మిషన్లల ఆ గొలుసు సెకనుకు 20 మీటర్ల దాక ఉరుకుతది, అంటే గంటకు 70 కిలోమీటర్ల మీదనే. పెట్రోల్ మిషన్ గొలుసు కోసినట్టే ఇదీ తొడను కోస్తది. కోసేది గొలుసు, దాన్ని తిప్పేది పెట్రోలా కరెంటా అన్నది మన తోలుకు తెల్వదు.

నా ఎడమ తొడ మీద పధ్నాలుగు కుట్ల మచ్చ ఉంది. ములుగు దిక్కు ఒక మామిడితోటల ఎండు కొమ్మలు తీస్తున్న. కొమ్మ తెగింది, వేలు తీసేసిన, మోటరు చప్పుడు ఆగింది. చప్పుడు ఆగింది కాబట్టి గొలుసు కూడా ఆగిందనుకున్న. నా చెవి చెప్పింది నమ్మిన, కంటితోని చూడలేదు. మిషన్‌ను పక్కకు దించుకుంట ఒక అడుగు ముందుకు వేసిన. ఆ గొలుసు ఇంకా తిరుగుతనే ఉంది. ప్యాంటు గుడ్డ ముందు పట్టుకుంది, తర్వాత తోలు. నొప్పి వెంటనే రాలేదు, వేడిగ ఏదో పారినట్టు అనిపించి కిందికి చూస్తే బూటుల నెత్తురు. పెట్రోల్ మిషన్‌తోని పదిహేనేండ్లు పని చేసినా నాకు ఒక్క గాయం కాలేదు. బ్యాటరీది పట్టుకున్న ఏడాదికే అయింది. ఇది తేలికది, చప్పుడు లేనిది, దీనికేం భయం అనుకున్నందుకే అట్లయింది.

అందుకే నా మొదటి లెక్క బ్యాటరీ గురించే. గొలుసు బిగించాలన్నా, సాన పట్టాలన్నా, ఇరుక్కున్న పొట్టు తీయాలన్నా, నూనె పోయాలన్నా, ఒక చెట్టు కాడి నుంచి ఇంకో చెట్టు కాడికి ఒడ్డు దిగి ఎక్కి పోవాలన్నా ముందు బ్యాటరీ ఊడదీయాలె. స్విచ్ ఆపితే చాలదు. ఊడదీసిన బ్యాటరీలు జేబుల వేసుకో, అప్పుడు మిషన్ ఎవరి చేతికి పోయినా అది ఇనుప ముక్కనే. రెండు బ్యాటరీల మిషన్ కాబట్టి రెండూ తీయాలె. ఒకటి తీస్తే నడవదు కదా అని నువ్వు అనుకుంటవు, నిజమే, నడవదు. కానీ చెయ్యి అలవాటు పడేది పూర్తి పనికి, సగం పనికి కాదు. ఇంట్ల పిల్లలు ఉంటే మిషన్ ఒక దిక్కు, బ్యాటరీలు తాళం వేసిన బీరువాల పెట్టు.

ఒంటి మీద ఏం ఉండాలె అన్నది ఎక్కువ చెప్ప. కండ్లకు అద్దాలు లేదంటే జాలి ఉన్న హెల్మెట్, చెవులకు మఫ్లు, వేళ్లు పట్టు దొరికే బిగుతు గ్లౌజులు, మడమ జారని గట్టి బూట్లు. లుంగీ, మెడల తువాల, వదులు చొక్కా చేతులు, ఇవేవీ వద్దు. చప్పుడు తక్కువ కదా చెవులకెందుకు అనకు. కట్టె కోసేటప్పుడు బ్యాటరీ మిషన్ కూడా గంటలకొద్దీ వింటే చెవిని పాడుచేసేంత మోత చేస్తది. తుమ్మకు బూటు అడుగు మందంగ ఉండాలె, హవాయి చెప్పుల నుంచి తుమ్మ ముల్లు సూది లెక్క పైకి వస్తది. ఇగ కోత ఆపే ప్యాంట్లు ఆన్‌లైన్‌ల దొరుకుతున్నయి. వాటి లోపల పొడుగు దారాల పొరలు ఉంటయి, గొలుసు తగిలితే ఆ దారాలు బయటికి వచ్చి గొలుసును తిప్పే పండ్ల చక్రానికి చుట్టుకొని ఆపుతయి. కొనుక్కో, మంచిదే. కానీ ఒకటి తెలుసుకో. వాటిల చాలా వరకు పెట్రోల్ మిషన్ల మీద పరీక్షించినవి. కరెంటు మోటరు మెల్లగ తిరిగేటప్పుడు కూడా పూర్తి బలంతోని గుంజుతది కాబట్టి ఆ దారాలు దాన్ని ఆపుతయన్న హామీ లేదు. ప్యాంటు వేసుకున్న అని ధైర్యం తెచ్చుకోకు.

ఇప్పుడు అసలు గండం చెప్త. మిషన్ పట్టాను, అంటే గొలుసు చుట్టూ తిరిగే ఆ పొడుగు ఇనుప పలకను చూడు. మీది అంచున గొలుసు నీ నుంచి ముందుకు పోతది, కింది అంచున నీ దిక్కు వస్తది. అందుకే కింది అంచుతోని కోస్తే మిషన్ నిన్ను కట్టె దిక్కు గుంజుతది, మీది అంచుతోని కోస్తే నిన్ను వెనక్కి తోస్తది. ఈ రెండూ తట్టుకోవచ్చు, కాళ్లు ఎడం పెట్టి నిలబడితే చాలు. మూడోది వేరే. పట్టా కొసన, గుండ్రటి మూతిల పై సగం ఉంది చూడు, అది దేనికన్న తగిలితే గొలుసు అక్కడ కరుచుకుంటది, కొరికిన బలమంతా తిరగబడి పట్టా పైకి లేచి నీ మొఖం దిక్కు వస్తది. రెప్ప కొట్టే టైము కూడా ఉండదు, జరిగినంక తెలుస్తది. ఇట్ల అయ్యేది పెద్ద మొద్దు కోసేటప్పుడు కాదు. నువ్వు ముందున్న కొమ్మను చూసుకుంట కోస్తుంటే మూతి వెనకున్న ఇంకో కొమ్మకు తగులుతది, అక్కడ అవుతది. తుమ్మల కొమ్మలు జడ అల్లినట్టు ఉంటయి కాబట్టి మనకు ఈ గండం ఇంకా ఎక్కువ.

దీనికి మందు మూడు నాలుగు అలవాట్లే. పట్టా కొస ఎక్కడుందో ఎప్పుడూ కంటికి కనబడాలె. కనబడకపోతే ముందు ఆ అడ్డం తీసేయాలె. ఎడమ చెయ్యి ముందు పిడి మీద, బొటనవేలు పిడి కిందికి తిప్పి పట్టాలె, మిగతా వేళ్ల పక్కనే బొటనవేలును పైన పెట్టొద్దు. పైన పెడితే మిషన్ ఎగిరినప్పుడు పిడి చేతిల నుంచి జారుతది. ఎడమ మోచెయ్యి మరీ వంచకు. తల, మెడ పట్టాకు సూటిగ ఉండొద్దు, కొంచెం ఎడమ పక్కకు ఉండాలె. అప్పుడు అది ఎగిరినా నీ కుడి భుజం పక్క నుంచి పోతది. భుజం కన్న ఎత్తుల కోయొద్దు, నిచ్చెన మీద నిలబడి అస్సలే వద్దు. ముందు పిడి ముందర ఉన్న ప్లాస్టిక్ కవచం చెయ్యికి అడ్డం కోసమే కాదు, అదే గొలుసు బ్రేకు. మిషన్ ఎగిరినప్పుడు నీ మణికట్టు తగిలి కానీ, ఆ ఊపుకే కానీ అది ముందుకు పడి గొలుసును ఆపుతది. రోజూ పని మొదలుపెట్టే ముందు మిషన్ నడిపించి, పిడి వదలకుండ మణికట్టుతోని ఆ కవచాన్ని ముందుకు నెట్టి చూడు. అక్కడికక్కడ ఆగాలె. ఆగకపోతే ఆ రోజు పని లేదు.

ఇక్కడ ఒక మాట. ఆన్‌లైన్‌ల నాలుగంగుళాలు, ఆరంగుళాల చిన్న మిషన్లు ఒంటి చేత్తోని పట్టుకొని కోసే వీడియోలు మస్తు తిరుగుతున్నయి. వాటిల చాలా వాటికి గొలుసు బ్రేకు ఉండదు. ఒక చేత్తోని కొమ్మ పట్టుకొని ఇంకో చేత్తోని కోయడం చూస్తుంటే నాకు కడుపుల తిప్పుతది. ఆ కొమ్మ పట్టుకున్న వేళ్లకు, గొలుసుకు మధ్య బెత్తెడు దూరం కూడా ఉండదు. మీ తమ్ముళ్లెవరన్న కొంటాం అంటే ఆపు.

గొలుసు సంగతికి వద్దాం, ఎందుకంటే మొద్దుబారిన గొలుసుతోనే మనిషి మిషన్‌ను ఒత్తుతడు, ఒత్తినప్పుడే జారుతది. గొలుసు పదునుగ ఉందో లేదో తెలుసుకోవాలంటే కింద రాలే పొట్టు చూడు. అరచేతిల వేసుకుంటే సన్నటి తునకలు, కొబ్బరి తురుము లెక్క, విడివిడిగ ఉన్నయంటే పదునుంది. పిండి లెక్క మెత్తగ ఉండి వేళ్లకు అంటుకుంటుంటే, మిషన్ తనంత తాను కట్టెల దిగకుండ నువ్వు నెట్టాల్సి వస్తుంటే, ఆపి సాన పట్టు. నల్లతుమ్మ నడిమి చేవ రాయి లెక్క ఉంటది, ఎండిందైతే ఇంక చెప్పేది లేదు, గొలుసును త్వరగ తింటది. దానికి తోడు ఒడ్డు మీది చెట్టు మొదట్ల మట్టి కొట్టుకొని ఉంటది, ఎప్పుడో ముండ్లతీగ కట్టిన మేకులు లోపల మింగి ఉంటది. గొడ్డలితోని మొదట్ల బెరడు గీకి చూసి కోయి. ఒక్కసారి గొలుసు మట్టిని తాకినా పదును పోయినట్టే. 14 అంగుళాల మిషన్లకు ఎక్కువగ వచ్చే గొలుసుకు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి పడుతది, నీ డబ్బా మీద ఏం రాసి ఉందో చూసుకో. గొలుసు పన్ను లోపలి నుంచి బయటికి ఒక దిక్కే తోయాలె, 30 డిగ్రీల వాలుల, ప్రతి పన్నుకు అవే లెక్కన మూడు తోపులు. ఒక పక్క ఎక్కువ రాస్తే కోత వంకర పోతది. పన్ను ముందు చిన్న మెట్టు ఉంటది, పన్ను ఎంత లోతు కొరకాలో అది చెప్తది. వేగంగ కోయాలని దాన్ని ఎక్కువ అరగదీస్తే మిషన్ ఎగిరే గండం పెరుగుతది, దాన్ని నేర్చినోళ్లకే వదిలెయ్.

బిగువు చూసేటప్పుడు గ్లౌజు వేసుకొని, పట్టా కింద గొలుసు వేలాడకుండ బిగించు. నడుమ పట్టుకొని గుంజితే కొంచెం రావాలె, లోపలి పండ్లు పూర్తిగ గాడి నుంచి బయటికి రావొద్దు, వదిలితే టప్పున వెనక్కి పోవాలె. కొత్త గొలుసు సాగుతది, మొదటి రెండు మూడు కోతలకే మళ్లీ చూడాలె. సాయంత్రం పని అయినంక కొంచెం వదులు చేసి పెట్టు, వేడి మీద బిగించింది చల్లారితే పట్టాను నొక్కుతది. నూనె గురించి చాలామంది బ్యాటరీదానికి అక్కరలేదనుకుంటరు. పెట్రోల్ అక్కరలేదు, గొలుసు నూనె కావాలె. బ్యాటరీలు మార్చినప్పుడల్లా నూనె డబ్బా చూడు. నూనె వస్తుందా లేదా అన్నది అట్టముక్క మీద పట్టా మూతి చూపించి నడిపితే తెలుస్తది, అట్ట మీద సన్నటి నూనె గీత పడాలె. ట్రాక్టరుల నుంచి తీసిన నల్ల ఇంజినాయిల్ పోయకు. అందుల ఇనుప పొడి ఉంటది, పట్టా గాడి అరుగుతది, నీ చేతులకూ ఊపిరికీ మంచిది కాదు.

నేల మీద కట్టెతోని మొదలు పెట్టమన్న కదా, అది సులువని కాదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవుల గాలి దుమారానికి సుమారు 50 వేల చెట్లు పడ్డయి గదా, ఆ వారమే మా దగ్గర వానలకు తోవలకు అడ్డంగ పడ్డ చెట్లు కోసినం. పడ్డ చెట్టు చచ్చినట్టు ఉంటది, కానీ అందుల బలం దాగి ఉంటది. రెండు కొసలు ఎత్తు మీద ఆని నడుమ గాలిల ఉన్న దుంగను చూడు. మీది దిక్కు నొక్కుకొని ఉంటది, కింది దిక్కు సాగి ఉంటది. మీది నుంచి సూటిగ కోస్తే సగంల కోత మూసుకపోయి పట్టాను పట్టేస్తది. ముందు మీది నుంచి మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి కోసుకుంట పైకి రావాలె. ఒక కొస మాత్రమే ఆని రెండోది గాలిల వేలాడితే లెక్క తిరగబడుతది, ముందు కింది నుంచి కొంచెం, తర్వాత మీది నుంచి. ఎప్పుడైనా నొక్కుకున్న దిక్కు ముందు, సాగిన దిక్కు తర్వాత. చెట్టు కింద చిక్కి విల్లు లెక్క వంగిన కొమ్మ ఉంటే దాని ముందర నిలబడకు, ఒక్కటే కోతకు తెంపకు. వంపు లోపలి దిక్కు సన్నగ గీకుకుంట దాని బలం మెల్లగ దించాలె. వేర్లతోని లేచిన చెట్టైతే ఇంకో గండం, మాను కోయంగనే వేర్ల మట్టిపెళ్ల ధడేలున మళ్లీ గుంతల కూసుంటది. ఆ గుంత దిక్కు మనిషి ఉండొద్దు, పిల్లలు అసలు ఉండొద్దు.

ఇప్పుడు నీ తుమ్మ. ముందు రోజే కొడవలి, పంగలకర్రతోని మొదలు చుట్టూ ముండ్లకంపంతా తీసేయి, నువ్వు వెనక్కి పోయే తోవ కూడా శుభ్రం చేయి. ఆ తోవ చెట్టు పడే దిక్కుకు సరిగ్గ వెనుక కాదు, వెనుక నుంచి 45 డిగ్రీలు పక్కకు, కుడికి ఒకటి ఎడమకు ఒకటి. సూటిగ వెనక్కి ఉరికితే మొదలు ఎగిరి తన్నుతది. చెట్టు ఎటు ఒరిగిందో కంటితోనే నమ్మకు. గొడ్డలి పిడి కొస పట్టుకొని వేలాడదీసి, తాపీమేస్త్రీ గుండు చూసినట్టు దూరం నుంచి చూడు. మాను సూటిగ కనబడ్డా కొమ్మలన్నీ పొలం దిక్కే పెరిగి ఉంటే బరువు అటే. గొడ్డలి వెనుక దిక్కుతోని మొదట్ల కొట్టి చప్పుడు విను, డొల్ల చప్పుడు వస్తే లోపల చెద తిన్నదని. అట్లాంటి చెట్టు మన మాట వినదు, దాన్ని నువ్వు కోయకు. తేనెతుట్టె, కొరివిచీమలు, తొర్రల పాము కూడా చూసుకో. మిషన్ నడుస్తుండంగ చేతుల మీద చీమలు ఎక్కితే ఏమవుతదో చెప్పనక్కరలేదు.

చెట్టు ఎత్తుకు రెండింతల దూరంల ఎవ్వరూ ఉండొద్దు. తుమ్మకు ఇంకొకటుంది, అది పడుతుందంటే కాయలకు ఆకుకు మేకలు ఉరికి వస్తయి, వాటెనుక కాపరి వస్తడు. మంద ఆ దిక్కు లేనప్పుడే పని పెట్టుకో. నీ కూడ ఒక మనిషి తప్పకుండ ఉండాలె, కానీ దూరంల, నిన్ను చూసుకుంట. రెండు బ్యాటరీలు నిండ ఉన్నప్పుడే చెట్టు మొదలుపెట్టు. ఇది బ్యాటరీ మిషన్‌కే ఉన్న గండం, వెనక కోత సగంల ఉండంగ చార్జింగ్ అయిపోతే, సగం తెగిన చెట్టును గాలికి వదిలి ఇంటికి ఉరకాల్సి వస్తది.

అడుగు మందం చెట్టంటే 30 సెంటీమీటర్లు. పడాల్సిన దిక్కు ముందు గాటు పెట్టాలె. మీది నుంచి వాలుగ కోసుకుంట దిగు, 60 డిగ్రీలంత వాలు, లోతు చెట్టు మందంల నాలుగో వంతు, అంటే ఏడున్నర సెంటీమీటర్లే. తర్వాత అడ్డంగ ఒక కోత కోస్తే ఆ రెండూ ఒకే గీత మీద కలవాలె. ఒకటి దాటి ఇంకొకటి లోపలికి పోవొద్దు. ముక్క ఊడివస్తే పుచ్చకాయ కోసినట్టు గాటు తెరుచుకుంటది. ఆ లోపలి గీతకు ఎదురుగ నిలబడి చూడు, ఆ గాటు ఎటు చూస్తుందో చెట్టు అటే పడుతది. ఇక్కడ తొందరపడకు, తప్పుంటే ఇక్కడనే సరిచేసుకోవచ్చు.

ఇగ వెనక కోత. గాటు అడుగు కన్న 3 సెంటీమీటర్లు పైకి, అడ్డంగ. మొత్తం కోయొద్దు. గాటుకు, వెనక కోతకు మధ్య 3 సెంటీమీటర్ల పట్టీ, రెండు వేళ్ల మందం, ఈ కొస నుంచి ఆ కొస దాక ఒకే మందంల మిగలాలె. తలుపుకు కబ్జా ఎట్లనో చెట్టుకు అది అట్ల. అదే చెట్టును మెల్లగ వంచి, అనుకున్న దిక్కుకు దించుతది. అది తెగిందంటే చెట్టు ఎటైనా పోతది, నిన్ను అడగదు. పట్టా మొత్తం లోపలికి పోయి వెనుక జాగ దొరకంగనే ప్లాస్టిక్ చీల ఒకటి కోతల పెట్టి సుత్తెతోని కొట్టు, చెట్టు వెనక్కి కూసొని పట్టాను నొక్కకుండ అది ఆపుతది. ఇనుప చీల వద్దు, గొలుసు తగిలితే పండ్లు లేస్తయి. చీల లేకపోతే ఎండు తుమ్మ ముక్కతోనే చెక్కుకోవచ్చు. పట్టీ దగ్గరపడుతుంటే కండ్లు మిషన్ మీద కాదు, చెట్టు కొన మీద పెట్టు. కొన కదిలింది, కోత తెరుచుకుంటుంది అంటే కోయడం ఆపి, మిషన్ తీసుకొని ముందే చేసుకున్న తోవల నడుచుకుంట పో. మిషన్ ఇరుక్కుంటే వదిలేసి పో, మిషన్ మళ్లీ కొనుక్కోవచ్చు. చెట్టు పడ్డంక కూడా అర నిమిషం ఆగి పైకి చూడు, విరిగిన కొమ్మలు పక్క చెట్ల వేలాడుతుంటయి.

ముందుకు బాగ ఒరిగిన చెట్టును ఇట్ల కోయొద్దు. వెనక కోత మొదలుపెట్టంగనే మాను నిలువునా చీలి, వెనుక సగం గుర్రం తన్నినట్టు నీ మొఖం దిక్కు లేస్తది. నీలగిరి, సుబాబుల్ లాంటి పొడుగు నారల చెట్లల ఇది ఇంకా ఎక్కువ. దానికి వేరే కోత ఉంది, రాతల నేర్చుకునేది కాదు, చేసేటోని పక్కన నిలబడి చూడాలె. నీ ఆరు తుమ్మలల అట్లాంటిది ఉంటే పక్కన పెట్టు.

పడుకుంట పడుకుంట పక్క చెట్టు మీద ఒరిగి ఆగిపోయిందనుకో. తుమ్మలకు ఇది తరచు అవుతది. దాని కిందికి పోవద్దు. దాన్ని ఆపిన చెట్టును కోయొద్దు. ఎక్కి కొమ్మ తెంపొద్దు. నేను పనిల చూసిన పెద్ద దెబ్బలల ఎక్కువ ఇక్కడ తగిలినయే. పొడుగు మోకు మొదలుకు కట్టి, ట్రాక్టరును చెట్టు ఎత్తు కన్న దూరం నిలబెట్టి మొదలును వెనక్కి గుంజాలె. ట్రాక్టర్ లేకపోతే ఆ జాగల ఎవరూ తిరగకుండ కట్టెలు అడ్డం పెట్టి మనిషిని పిలువు. పండుకునే ముందు చూద్దాం అని వదిలేయకు, చీకట్ల ఎవరో ఒకరు దాని కింద నుంచి నడుస్తరు.

ఇప్పుడు వేప. ఎండుతుంది అన్నవు, ముందు అది నిజంగ చచ్చిందా చూడు. 2021ల మన తెలంగాణల వేపచెట్లకు కొమ్మల కొనలు ఎండే తెగులు వచ్చింది, ఫోమోప్సిస్ అనే బూజు వల్ల అని శాస్త్రవేత్తలు చెప్పిండ్రు. చూస్తే మొత్తం చెట్టు కాలినట్టు ఉండేది, చాలామంది చచ్చిందని కొట్టేసిండ్రు. కొట్టని చెట్లు చాలా వరకు మళ్లీ చిగురు పెట్టినయి. బొటనవేలి గోరుతోనో కత్తితోనో ఒక రెమ్మ బెరడు గీకు, లోపల పచ్చగ తడిగ ఉంటే ప్రాణం ఉన్నట్టు. మాను దిక్కు వస్తుంటే పచ్చదనం కనబడితే ఎండు కొనలు తీసేస్తే సరిపోతది.

నిజంగ చచ్చినా నువ్వు కోయొద్దు. ఇంటి మీదికి వంగినదాన్ని కింద నుంచి పడేయలేం, మీది నుంచి ముక్కలు ముక్కలుగ, ఒక్కో కొమ్మకు మోకు కట్టి దించాలె. ఎండు వేప కొమ్మ చెప్పకుండ విరుగుతది, దాని మీద ఎక్కినోడు దానితోనే కింద పడుతడు. కరెంటు తీగ ఉన్నకాడ నువ్వు దాన్ని తాకాల్సిన పని కూడా లేదు, పచ్చికొమ్మ తీగకు ఆనితే చాలు, కరెంటు కొడుతది. విద్యుత్ సంస్థ వాళ్లకు 1912కు చెప్పు లేదా మీ సబ్‌స్టేషన్‌ల రాసిచ్చి, వాళ్లు ఎల్సీ, అంటే లైను ఆపే అనుమతి, తీసుకొని లైను బంద్ చేసిన తర్వాతనే, లైన్‌మన్ అక్కడ ఉండంగ, చెట్టెక్కి కోసే అలవాటున్న మనుషులతోని చేయించు. పక్క ఊరి హెల్పర్ ఫ్యూజు తీసిండు అన్న మాట మీద మాత్రం ఎక్కొద్దు. ఖర్చు అయితది, కానీ నీ తుమ్మలు నువ్వు కోసుకున్న పైసలు ఇక్కడ పెట్టు.

అనుమతి సంగతి కూడా చూసుకో. 2002 వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం కింద పట్టా భూమిల చెట్టైనా కొట్టడానికి అనుమతి కావాలె, కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. నల్లతుమ్మకు, వేపకు ఏం చేయాలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుల ముందే అడుగు. ఒడ్డు పక్కోళ్లతోని కలిసి ఉంటే వాళ్ల మాట కూడా తీసుకో.

బ్యాటరీకి మన ఎండ పడదు. ఏప్రిల్, మేల ట్రాక్టర్ బానెట్ మీద, బైకు డిక్కీల పెట్టకు. తుమ్మ కోసినప్పుడు వేడెక్కి తనంత తాను ఆగిపోతది, నీడల పెట్టి చల్లారినంకనే చార్జింగ్ పెట్టు. ఉబ్బింది, ఎత్తు నుంచి కిందపడ్డది, నీళ్లల నానింది వాడకు. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర, అంతే పని. బ్యాటరీలు అయిపోయినప్పుడు నీ చేతులు కూడా అయిపోయి ఉంటయి, ఆ టైమును విశ్రాంతికి వాడుకో. అలసిన చేత్తోని రెండో జత బ్యాటరీలు ఎక్కించినప్పుడే నేను తప్పులు చేసిన.

ఫోను జేబుల ఉండాలె, ట్రాక్టర్ల కాదు. దగ్గర శుభ్రమైన కాటన్ గుడ్డలు, ఒక వెడల్పు పట్టీ పెట్టుకో. గాయం అయితే పసుపు, మట్టి, కాఫీపొడి ఏదీ వద్దు. గుడ్డ పెట్టి రెండు చేతులతోని గట్టిగ నొక్కి పట్టు, ఎత్తి ఎత్తి చూడకు. కాలు, చెయ్యి నుంచి నెత్తురు చిమ్ముతూ ఎంత నొక్కినా ఆగకపోతే గాయానికి పైన పట్టీ బిగించి కట్టి, కట్టిన టైము యాది పెట్టుకో. 108కు ఊరి పేరు ఒక్కటే చెప్తే చాలదు, ఏ చెరువు కట్ట దిక్కు, ఏ బాయి దగ్గర అని చెప్పేటట్టు నీ కూడ ఉన్నోనికి ముందే చెప్పిపెట్టు.

ఈ వారం మీ ఇంటికాడ పడి ఉన్న కట్టెను కత్తెర కర్రల మీద పెట్టి కోసుకుంట ఉండు. వచ్చే వారం ఆరిట్ల అన్నిటికన్న సన్నటి, సూటి తుమ్మ ఒక్కటి కోయి. అది పడ్డంక బ్యాటరీలు ఊడదీసి, మొదలు మీద పొట్టు ఊడ్చి, పై నుంచి ఒకటి పక్క నుంచి ఒకటి ఫోటో తీసి ఇక్కడ పెట్టు. ఆ పట్టీ ఎంత మందం మిగిలింది, రెండు కొసలా సమానంగ ఉందా, గాటు గీతలు కలిసినయా అన్నది చూసి, రెండోది ఎట్ల కోయాలో చెప్త.